ఐదో పేజీ

మెయిర్ బెబ్ తలుపు తీయలేదు.

"వెళ్ళిపో అమ్మాయ్! నేను చెప్పాల్సిందంతా రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను" అంది. తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి ఆమె వేళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. వణుకుతున్నాయి.

మంగళవారం. ఉదయం ఎనిమిది నలభై. గురువారం పదింటికి భూమి ట్రిబ్యునల్ ముందు విచారణ. నా చేతిలో ఉన్నది రెండు రోజులు.

"మెయిర్ ఆంటీ, నేను పోలీసుని కాను. ఆ ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయింది. నా పేరు నెస్టా ప్రొబర్ట్. పక్క లోయలో కమ్మరి ప్రొబర్ట్ కూతుర్ని. మా నాన్న మీ గేటుకి బందులు వేసిచ్చాడు, గుర్తుందా?"

వేళ్ళు కంతలోంచి మాయమయ్యాయి. గొళ్ళెం తీసిన చప్పుడు ఒకటి, రెండు, మూడు. మూడూ కొత్తవే. చెక్క మీద మరల చుట్టూ రంపప్పొట్టు ఇంకా అలాగే ఉంది.

ఆమెకి డెబ్బై ఒకటి. పంతొమ్మిదేళ్ళు లాయర్ టాంబ్లిన్ ఆఫీసులో టైపిస్టుగా చేసి పోయినేడాది చివర్లో రిటైరైంది. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, తను మాత్రం టెలిఫోన్ పక్కనే నిలబడింది, అది ఎప్పుడు మోగుతుందోనన్నట్టు.

"ఎవరికి భయపడుతున్నారు?"

"రోజూ ఏడుంపావుకి ఫోన్ మోగుతుంది. తీస్తే ఎవరూ మాట్లాడరు. ఊపిరి వినిపిస్తుంది. నేను పెట్టేదాకా అలాగే ఉంటారు."

"ఎప్పట్నించి?"

"ఐవర్ పోయిన మర్నాటి నుంచి."

ఐవర్ గిటిన్స్. లోయలో అందరూ లారీ ఐవర్ అనేవాళ్ళు. గొర్రెల మంద, దాంతోపాటు పశువుల్ని సంతకి తోలే లారీల వ్యాపారం. మూడు వారాల కిందట, ఒక మంగళవారం, అడవిదారిలో, కొండల మీద నడిపే నాలుగు చక్రాల మోటారుబండి బోల్తా కొట్టి వాగులో పడి చచ్చిపోయాడు. సాయంత్రం ఐదింటికి దొరికాడు. ప్రమాదమని పోలీసులు రాసేశారు.

పోయిన మనిషి వెనక ఒక గొడవ మిగిలింది. ఐవర్ నాలుగేళ్ళు పన్ను కట్టలేదని పన్నుల శాఖ అంటోంది. ఆ బాకీకి బదులు కుమ్ హెలిగ్ పొలం మీద ఐవర్, అతని అక్క ఎలునెడ్ ఇద్దరూ కలిసి పూచీ పత్రం రాసిచ్చారని చూపిస్తోంది. అది అమ్మకం కాదు, పూర్తి తాకట్టూ కాదు. 'మా బాకీ తీరకపోతే ఈ భూమి మీంచి రాబట్టుకోండి' అని సంతకం పెట్టివ్వడం. రిజిస్టర్లో ఒక్క వరుసగా ఎక్కుతుంది. ఆ ఒక్క వరుస చాలు, పొలం అమ్మించడానికి. ఎలునెడ్ మాత్రం పన్నువాళ్ళకి తాను ఏ కాగితమూ రాసివ్వలేదంటోంది. సాక్షిగా సంతకం పెట్టింది ఈ మెయిర్.

"పోయినేడాది మార్చి పద్నాలుగు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి."

"రాసిచ్చానుగా. పదకొండింటికి వాళ్ళ వంటింట్లో ఇద్దరూ నా ఎదురుగా సంతకం పెట్టారు."

"మీరు అక్కడికి ఎందుకెళ్ళారు?"

"టాంబ్లిన్ గారు పంపించారు. కాగితాలు పట్టుకెళ్ళాను, సంతకాలయ్యాక తీసుకొచ్చి ఆయన చేతికిచ్చాను."

"ఎలునెడ్ ఏం చేస్తోంది, మీరు వెళ్ళేసరికి?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. మొహం కొంచెం సడలింది. "గొర్రెలు ఈనే రోజులు కదా! పొయ్యి దగ్గర అట్టపెట్టెలో రెండు పిల్లల్ని పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. చేతులు కడుక్కొస్తానుండు అంది. తడి చేత్తో సంతకం పెడితే కాగితం పాడవుతుందని నేనే తువ్వాలిచ్చాను."

అబద్ధం చెప్పేవాళ్ళకి తువ్వాలు గుర్తుండదు. ఈమె నిజంగానే చూసింది. మరి ఎలునెడ్ అబద్ధమాడుతోందా?

"ఎన్ని కాగితాలు?"

"రెండు." అనేసింది. అనేశాక చేత్తో నోరు మూసుకుంది.

నా సంచిలో ఆ పూచీ పత్రం నకలు ఉంది. అందులో ఐదు పేజీలున్నాయి.

"రెండేనా ఆంటీ? బాగా గుర్తు చేసుకోండి."

"నాకేం గుర్తులేదు. వెళ్ళు. ఇంక చాలు. వెళ్ళు!" ఆమె నన్ను భుజం పట్టి లేపింది. ఆ చేతిలో అంత బలం ఉంటుందనుకోలేదు.

గుమ్మం దగ్గర ఆగాను. "గురువారం దాటితే ఎలునెడ్‌కి ఇల్లుండదు. టౌన్లో ఒక అద్దె గది ఇప్పిస్తారట. ఆమెకి అరవై ఎనిమిది. ఆ కొండ దిగి బతికి ఎరగదు."

మూడు గొళ్ళేలూ నా వెనక వరసగా పడ్డాయి.

* * *

తొమ్మిది ముప్పై ఐదుకి రోడ్డు మీది టెలిఫోన్ బూత్ నుంచి హ్యూ టాంబ్లిన్‌కి ఫోన్ చేశాను. ఈ కేసులో ఎలునెడ్ తరపు లాయరు ఆయనే. గిటిన్స్ కుటుంబానికి ఇరవయ్యేళ్ళుగా ఆయనే. ఈ కేసులో ఆరా తీస్తున్నందుకు నాకు ఫీజిచ్చేదీ ఆయన ఆఫీసే.

"మెయిర్ బెబ్ మాట్లాడేలా ఉందండీ. కాగితాలు రెండే అంది. ఏదో దాస్తోంది. ఇంకోసారి వెళితే చెప్పేస్తుంది."

"ఓహో!" అన్నాడాయన. వెన్న రాసినట్టుండే గొంతు. "చాలా మంచి పని చేశారు, మిస్ ప్రొబర్ట్. పాపం పెద్దావిడ, ఎక్కువ ఒత్తిడి చెయ్యకండి. అన్నట్టు, ఐవర్ వదిలిపెట్టిన కాగితాలేమైనా దొరికితే ముందు నాకే తెచ్చివ్వండి. ఎలునెడ్‌కి చూపించి ఆమెని కంగారు పెట్టొద్దు."

సరేనన్నాను.

* * *

కుమ్ హెలిగ్ చేరేసరికి పదిన్నర. వాకిట్లో ఎలునెడ్ నాకోసమే చూస్తోంది. నడుం వంగని మనిషి, మగవాళ్ళ బూట్లు వేసుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"నెస్టా, ఇంట్లోకి ఎవరో వచ్చి పోయారు."

"ఎప్పుడు?"

"మొన్న ఆదివారం. పదింటికి ప్రార్థనకెళ్ళాను. పదకొండున్నరకి వచ్చాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. కుక్క కట్టేసింది కట్టేసినట్టే ఉంది. ఐవర్ గది మాత్రం..." ఆమె మెట్ల వైపు చూపించింది. "రెండు రాత్రుల్నించి కుర్చీ తలుపుకి అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నాను."

ఐవర్ గది పైన. ఇనప మంచం, ఒక బల్ల, నాలుగు సొరుగులు. ముందు తాళం చూశాను. గీత లేదు. కిటికీ గడియ తుప్పుపట్టి కదలడం లేదు. సొరుగులన్నీ కింద నుంచి పైకి వెతికారు. కింద నుంచి మొదలుపెడితే కిందది మూయకుండానే పైది వెతకొచ్చని, టైము కలిసొస్తుందని తెలిసినవాడి పని. లేదా గంటన్నర మాత్రమే ఉందని తెలిసినవాడిది.

మొదటి సొరుగులో ఐవర్ చేతి గడియారం అలాగే ఉంది. డబ్బున్న రేకు డబ్బా మూత కూడా తీయలేదు. కానీ రసీదు పుస్తకాలు, ఉత్తరాలు, గొర్రెల సంత చీటీలు ఒక్కొక్కటీ విడదీసి మళ్ళీ దొంతర పెట్టారు. గోడకున్న కేలెండరు వెనక కూడా చూశారు. మేకు వంగి ఉంది.

"వచ్చినవాడికి కావాల్సింది కాగితం. ఈ ఇంటికి ఎన్ని తాళంచెవులు?"

"రెండు. ఒకటి నా మెళ్ళో. ఇంకోటి ఐవర్ జేబులో ఉండేది."

"ఐవర్ జేబులోవి ఇప్పుడెక్కడున్నాయి?"

ఎలునెడ్ జవాబు చెప్పేలోగా కింద కారు ఆగింది.

* * *

వచ్చింది స్ట్రెటన్. పన్నుల శాఖ తరపున ఈ కేసు చూస్తున్న పరిశోధకుడు. సరిహద్దు అవతలి ఇంగ్లీషువాడు. ఇస్త్రీ నలగని కోటు, మొహం మీద నవ్వన్నది ఉండదు. విచారణకి ముందు అసలు పత్రాన్ని మాకు ఒకసారి చూపించాలి కాబట్టి తెచ్చాడు. ప్లాస్టిక్ కవరు వంటింటి బల్ల మీద పెట్టి, గడియారం చూసుకున్నాడు.

"పదకొండు ఐదు. పావుగంట ఇస్తాను. ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండా చదవడం ఎలాగో మీ శాఖలో నేర్పిస్తారా?"

"మీ పోలీసు శాఖలో ఆశ నేర్పించి పంపించినట్టున్నారు. మిస్ ప్రొబర్ట్, సాక్షి బతికే ఉంది. సంతకం ఈవిడదే. నేను వంద గడపలు చూశాను. పొలం పోతుందనగానే అందరికీ మతిమరుపు వస్తుంది."

ఎలునెడ్ బల్ల మీద గట్టిగా చరిచింది. "నేను దొంగనంటావా?"

"నేనేమీ అనడం లేదు. కాగితం అంటోంది."

"అయితే కాగితాన్నే అడుగుదాం. ఒక్కొక్క పేజీ తిప్పండి, మీ చేత్తోనే" అన్నాను.

విసుగ్గా తిప్పాడు. మొదటి నాలుగు పేజీల్లో పన్ను బాకీ వివరాలు, పొలం నంబరు, షరతులు. ఐదో పేజీలో సంతకాలు, సాక్షి పేరు, తేదీ. ఇంకొక్క ముక్క లేదు. పేజీ నంబరు కూడా లేదు.

ఎడమ మూల చూశాను. భూతద్దం తీసి మళ్ళీ చూశాను.

"స్ట్రెటన్ గారూ, మొదటి పేజీకి పిన్ను రంధ్రాలెన్ని?"

"ఏమిటి?"

"లెక్కపెట్టండి."

"రెండు." పేజీ తిప్పాడు. "రెండు. రెండు. రెండు..." ఐదో పేజీ దగ్గర వేలు ఆగిపోయింది.

"చెప్పండి."

"నాలుగు."

"ఎందుకని?"

"నకలు తీసేటప్పుడు పిన్ను పీకి మళ్ళీ కొట్టుంటారు. ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి ఇప్పుడు పిన్నులు లెక్కపెడుతున్నారా?"

"నకలు కోసం పీకితే ఐదు పేజీలకీ నాలుగేసి ఉండాలి. ఈ ఒక్క పేజీయే ఇంతకు ముందు ఇంకో కాగితానికి అతుక్కుని ఉంది. దాన్నించి ఊడదీసి, ఈ నాలుగు పేజీల వెనక తగిలించారు."

స్ట్రెటన్ కవరు ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. దించేసరికి అతని మెడ ఎర్రబడింది. నేనతని గురించి తప్పుగా అనుకున్నానని అప్పుడు తెలిసింది. మొండివాడే కానీ దొంగ కాదు.

ఎలునెడ్ నా వైపు తిరిగి, స్ట్రెటన్‌కి అర్థంకాని మా లోయ భాషలో అడిగింది: "నెస్టా, ఈయన ముందు చెప్పొచ్చా?"

"చెప్పండి. ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి."

"ఆ రోజు నేను ఒక కాగితం మీద సంతకం పెట్టిన మాట నిజమే. పన్నువాళ్ళది కాదు. 'అక్కా, ఈ కొండ నీకుండాలి. నా లారీల గొడవలు నీ నెత్తిమీదకి రాకూడదు. అందుకే రాయించాను' అన్నాడు ఐవర్. చదివి వినిపించాడు కూడా. పొలం పేరుకి ఇద్దరిదీ, నిజానికి మొత్తం ఎలునెడ్‌దే అని. అమ్మ పోయినప్పుడు తమ్ముళ్ళ వాటాలన్నీ కొన్నది నా డబ్బుతోనే కదా."

స్ట్రెటన్ నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ మాట విలువ అతనికి నాకంటే బాగా తెలుసు. బాకీ ఐవర్‌ది. పొలంలో ఐవర్‌కి వాటాయే లేకపోతే, ఐవర్ ఇచ్చిన పూచీ గాలిని పట్టుకుంటుంది.

"ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?" అన్నాడతను.

"చెప్పొద్దన్నారు. చెబితే కేసు చిక్కుపడుతుందన్నారు."

"ఎవరు?"

"టాంబ్లిన్ గారు."

పొయ్యి మీద కెటిల్ మరిగి మూత ఎగురుతోంది. ఎలునెడ్ దాన్ని దించడం కూడా మర్చిపోయింది.

"ఇంకో మాట" అన్నాడు స్ట్రెటన్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "నాలుగేళ్ళలో మీ తమ్ముడు ఒక్కసారి కూడా మాకేమీ కట్టలేదు. ఎందుకు?"

"కట్టలేదా?" ఎలునెడ్ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ప్రతి జనవరిలోనూ కట్టాడు! గొర్రెపోతుల్ని అమ్మి మరీ కట్టాడు. టాంబ్లిన్ గారి చేతికి ఇచ్చేవాడు, ఆయన మీకు పంపించేవారు."

స్ట్రెటన్ తల అడ్డంగా ఊపాడు. "మాకేమీ చేరలేదు."

అంటే నాలుగేళ్ళ డబ్బూ టాంబ్లిన్ దగ్గరే ఆగిపోయింది, అది కప్పిపుచ్చడానికే ఈ పూచీ పత్రం. "ఎలునెడ్, ఇందాక అడిగాను. ఐవర్ జేబులోవి. తాళంచెవి."

"పోలీసులు సంచిలో వేసి ఇచ్చారు. టాంబ్లిన్ గారే సంతకం పెట్టి తీసుకున్నారు. వీలునామా పనులన్నీ ఆయనే చూస్తానన్నారు."

పొద్దున్న ఫోన్‌లో నేనన్న మాటలు నా చెవిలో మళ్ళీ వినిపించాయి. ఇంకోసారి వెళితే చెప్పేస్తుంది. ఆ మాట నేనెవరితో అన్నానో ఇప్పుడు తెలిసింది. ఐవర్ కాగితం వెతకడానికి ఆ లాయరు పెట్టుకున్న వేటకుక్కని నేను. వాసన పసిగట్టి, తోక ఆడిస్తూ వెళ్ళి చెప్పొచ్చాను.

గోడకున్న ఫోన్ లాక్కుని మెయిర్ నంబరు తిప్పాను. ఆరుసార్లు మోగింది. ఏడోసారి ఎత్తారు.

"మెయిర్ ఆంటీ?"

"మిస్ ప్రొబర్ట్!" వెన్న రాసిన గొంతు. "నేనే. ఇటుగా వెళుతూ ఆగాను. మెయిర్ టీ కాస్తున్నారు. కొంచెం అలిసిపోయినట్టున్నారు పాపం. ఇవాళ ఇంక ఆవిడని ఇబ్బంది పెట్టకండి. ఎలునెడ్ ఇంట్లోనే ఉందా? ఇక్కడ పనయ్యాక అటే వస్తాను."

వెనకాల కప్పు సాసరు మీద టకటక కొట్టుకుంటున్న చప్పుడు. ఆ టీ పట్టుకున్న చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

పదకొండు నలభై ఎనిమిది.

* * *

పోలీసులకి స్ట్రెటన్ ఫోన్ చేశాడు. లోయలోకి రావడానికి గంట పడుతుందన్నారు. పై కొండ మీద గొర్రెల లారీ అడ్డం పడి రోడ్డు బిగుసుకుపోయిందట. ఎలునెడ్ ఒంటరిగా ఉండనంది. ముగ్గురం స్ట్రెటన్ కారెక్కాం. దారంతా ఎవరం మాట్లాడలేదు. ఒక్క మలుపు దగ్గర మాత్రం స్ట్రెటన్ అన్నాడు: "మీ లాయరు ఆ మంగళవారం ఎక్కడున్నాడు?"

"కోర్టులో. పదింపావు నుంచి ఒంటిగంట దాకా. తొమ్మిది ఇరవైకి ఐవర్ కొండెక్కడం తన కారులోంచి చూశానని పోలీసులకి చెప్పాడు. ఆ తర్వాత ఐవర్‌ని చూసినవాళ్ళు లేరు. శరీరం చల్లటి నీళ్ళలో ఉంది, డాక్టరు టైము తేల్చలేకపోయాడు. మధ్యాహ్నం పన్నెండు లోపే పోయుంటాడని రాసుకున్నారు."

"అంటే ఒంటిగంట తర్వాత..."

"ఎవరూ అడగలేదు."

మెయిర్ ఇల్లు అడవిదారి మొదట్లో ఉంది. వాకిట్లో టాంబ్లిన్ కారు. స్ట్రెటన్ తన కారుని కింది సందుకి అడ్డంగా ఆపాడు, ఒక చక్రం పట్టే చోటు కూడా లేకుండా.

పన్నెండు ఇరవై. తలుపు తీసే ఉంది.

మెయిర్ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఎదురుగా టాంబ్లిన్. తెల్లజుట్టు, మెత్తటి చేతులు, కాలు మీద కాలు. బల్ల మీద టైపు చేసిన కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను.

"ఇంతమందా!" అన్నాడు లేచి నవ్వుతూ. "స్ట్రెటన్ గారు కూడానా? సంతోషం. మెయిర్ ఒక చిన్న వాంగ్మూలం ఇస్తున్నారు. సంతకం పెట్టించుకున్నది ఐదు పేజీల మీదేనని."

"పెట్టారా?" అన్నాను.

మెయిర్ తల అడ్డంగా ఊపింది. కన్నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మెయిర్" అన్నాడు టాంబ్లిన్, పిల్లలకి చెప్పినట్టు. "పేజీ మారిందనుకుందాం. టైపు చేసింది ఎవరు? మీరు. సాక్షి ఎవరు? మీరు. నా దగ్గరికి మోసుకొచ్చింది ఎవరు? మీరే. ఈ వయసులో జైలంటే కష్టమమ్మా. ఈ ఇల్లు కూడా నాది."

"మూడు వారాల్నించీ ఇదే మాట" అంది మెయిర్ నా వైపు చూస్తూ. "ఫోన్లో ఊపిరి, మధ్యాహ్నం ఈ మాట. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా అమ్మాయ్?"

ఎలునెడ్ వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఆ మొరటు చేత్తో మెయిర్ చెయ్యి పట్టుకుంది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే పని చేసిందేమో.

"రెండు కాగితాలు" అంది మెయిర్. "నేనే టైపు చేశాను. ఒకదాని మీద పొలం మొత్తం ఎలునెడ్‌దని, రెండోదాని మీద ఉత్త సంతకాలు. అలాంటివి రెండు ప్రతులు తీశాను. ఒకటి ఆఫీసుకి తెచ్చాను. ఇంకోటి ఐవర్ దగ్గరుంది."

"ముసలితనం" అన్నాడు టాంబ్లిన్ స్ట్రెటన్‌తో.

"ఆ ప్రతి ఐవర్ నాకిచ్చాడు. వాడు పోయిన రోజున. ఒంటిగంటన్నరకి."

స్ట్రెటన్ తల ఎత్తాడు.

"టైము ఎలా గుర్తుంది ఆంటీ?" నెమ్మదిగా అడిగాను.

"మూడు వారాలకోసారి మంగళవారం ఒంటిగంటన్నరకి లైబ్రరీ పుస్తకాల బండి వస్తుంది. ఐవర్ నా పుస్తకాలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. బండివాడు వాడితో వాన గురించి మాట్లాడాడు. పుస్తకం మీద ఆ రోజు ముద్ర ఉంది. బండి ఇవాళ మళ్ళీ వస్తుంది, కావలిస్తే అతన్నే అడగండి." ఆమె ఊపిరి పీల్చుకుంది. "పన్నువాళ్ళు పంపిన నకలు చూశాడట ఐవర్. తన సంతకం ముందు తను చదవని పేజీలున్నాయట. 'ఇది నేను తిరిగొచ్చేదాకా దాచు మెయిర్. టాంబ్లిన్ గారు రెండింటికి పై దారిలో కలుద్దామన్నారు, అడిగి తేల్చుకుంటాను' అని వెళ్ళాడు. తిరిగి రాలేదు. నేను నోరు మూసుకున్నాను. దేవుడు నన్ను క్షమించడు ఎలునెడ్."

ఎలునెడ్ ఆమె చేతిని వదల్లేదు. కానీ ఆమె కళ్ళు టాంబ్లిన్ మీద నిలిచిపోయాయి.

కోర్టులో ఒంటిగంట దాకా ఉన్న మనిషి. టౌన్ నుంచి ఇక్కడికి నలభై నిమిషాలు.

టాంబ్లిన్ మొహంలో నవ్వు అలాగే ఉంది, కానీ దాని వెనక మనిషి లేడు. "ఆ ప్రతి ఎక్కడ మెయిర్?"

మెయిర్ కన్నీళ్ళు తుడుచుకుంది.

"పొద్దున్న ఈ అమ్మాయి వెళ్ళాక కోటు వేసుకుని బయటికెళ్ళాను. మూడు వారాల్లో మొదటిసారి. మలుపు దగ్గర పోస్టు డబ్బాలో వేశాను. కవరు మీద ట్రిబ్యునల్ పేరు రాసి."

"ఎన్నింటికి తీస్తారు?" అడిగాడు టాంబ్లిన్.

"పదకొండుకి."

అతను గోడ గడియారం చూశాడు. పన్నెండు ముప్పై ఒకటి. టోపీ తీసుకుని, బల్ల మీది పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకుని, మమ్మల్ని దాటుకుంటూ బయటికి నడిచాడు. నేను ఆపలేదు. ఒప్పుకుంటున్నాను, భయం వేసింది. అంత ప్రశాంతంగా నడిచే మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

కారు స్టార్టయింది. సందులో స్ట్రెటన్ కారు అడ్డంగా ఉంది. టాంబ్లిన్ ఒక్క క్షణం ఆగి, స్టీరింగు తిప్పి, పైకి అడవిదారి పట్టాడు.

కారు కదిలేలోగానే స్ట్రెటన్ అతని వెనక వాకిట్లోకి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"వెనక సీట్లో తుపాకీ ఉంది. గుడ్డ కప్పి లేదు."

"పోనివ్వండి" అన్నాను, నాకు నేను ధైర్యం చెప్పుకుంటూ. "అవతలి లోయలో దిగుతాడు. పోలీసులు అటు..."

"దిగడు" అంది ఎలునెడ్.

ముగ్గురం ఆమె వైపు చూశాం.

"ఐవర్ పోయాక అటవీ శాఖవాళ్ళు పైన ఇనప గేటు పెట్టి తాళం వేశారు. మొన్న శుక్రవారమే. ఆయనకి తెలీదు. అక్కణ్ణుంచి ఎటూ పోలేడు. మళ్ళీ ఇటే రావాలి."

స్ట్రెటన్ కారు సందుకి అడ్డంగా ఉంది. దాన్ని తీస్తే టాంబ్లిన్‌కి దారి ఇచ్చినట్టే, తాళాలు జేబులో వేసుకున్నాడతను. పోలీసులు రావడానికి ఎంత తక్కువ వేసుకున్నా ఇరవై నిమిషాలు. మెయిర్ లేచి తలుపు మూసి మూడు గొళ్ళేలూ వేసింది. నేను బల్ల లాగి కిటికీకి అడ్డం నిలబెట్టాను. ఎలునెడ్ పొయ్యి పక్కన ఉన్న ఇనప చువ్వ చేతిలోకి తీసుకుంది.

పైన చెట్ల మధ్య ఇంజను చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఎక్కుతూ, ఎక్కుతూ, చాలా దూరం పోయి ఆగిపోయింది.

మేం నలుగురం చెవులు రిక్కించి నిలబడ్డాం. ఒక నిమిషం. రెండు.

తర్వాత అది మళ్ళీ మొదలైంది. ఈసారి కిందికి వస్తోంది. తొందర ఏమీ లేనట్టు, నెమ్మదిగా.